పెద్దవలలో పడిన చిల్లురాయి

బల్లకు ఇవతల

భూగర్భశాస్త్రం చదివి ఉద్యోగంలో చేరబోయే పిల్లలు కొండలూ, సుత్తీ, జీపూ ఊహించుకుంటారు. అవీ ఉంటాయి, కాదనను. కానీ నా ఉద్యోగంలో సగం ఒక బల్ల వెనక కూర్చునే గడిచింది. బల్లకు అవతల ఎవరో ఒకరు గుడ్డమూట విప్పుతారు. లోపల రాయి ఉంటుంది. వాళ్ళ లెక్కలో అది ఉల్క, కాకపోతే రాక్షసిబల్లి గుడ్డు, అదీ కాకపోతే వజ్రాల తల్లి. నా లెక్కలో అది రాయి. ఎదుటి మనిషి మొహం చిన్నబోకుండా ఆ లెక్క నుంచి ఈ లెక్కకు తీసుకురావడమే మన పని. ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, ఏ ఆర్డరు మీద ఎవరు సంతకం పెట్టారో నాకే గుర్తులేదు. మీకు అసలే అక్కర్లేదు.

మాది విశాఖ పాతపట్నంలో అత్తరు కొట్టు. అత్తరు, సుర్మా, ఊదుబత్తులు, జరీ టోపీలు అమ్మేవాళ్ళం. బడి వదిలాక నేను ఆ కొట్లోనే పెరిగాను. హైదరాబాదు నుంచి సరుకు తెచ్చే ఆసామి పెట్టె తెరిస్తే, నాన్న సీసా వాసన చూసి ముక్కు చిట్లించేవాడు. సరుకు ఎంత బాగుంటే అంత గట్టిగా చిట్లించేవాడు. “ఇదీ అత్తరేనా భాయ్” అని మూత బిగించి పక్కకు జరిపేవాడు. కాసేపటికి అదే సీసా మా అలమారులో ఉండేది. కొట్టు అన్నయ్యకు వెళ్ళింది, ముక్కు నాకు వచ్చింది. పంపకంలో ఎవరు గట్టివాడో మీరే అర్థం చేసుకోండి.

ఈ ఉద్యోగానికి ఆ ముక్కు పనికిరాదు. ఎందుకంటే మనం కొనేవాళ్ళం కాదు, అమ్మేవాళ్ళమూ కాదు. నిజం చెప్పేటప్పుడు బేరగాడి మొహం పెడితే ఎవరూ నమ్మరు. అది మానుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. పూర్తిగా మానలేదని రిటైరయ్యాక తెలిసింది. ఆ సంగతికి వస్తాను.

ఒకసారి ఒకాయన భీమిలి వైపు ఒడ్డున దొరికిందని తెల్లటి ముద్ద తెచ్చాడు. తిమింగలం కక్కిన అంబర్ అని ఎవరో ఫోనులో చెప్పారట. అంబర్ వాసన అత్తరు కొట్టువాడికి ఒకరు నేర్పక్కర్లేదు. సూది కాల్చి గుచ్చాను. కొవ్వొత్తి ఆర్పినప్పటి కంపు వచ్చింది. ఓడల నుంచి కొట్టుకొచ్చే మైనం అది. “అంబరే అయితే అమ్మబోయినందుకు కేసు పెట్టేవారు. నువ్వు అదృష్టవంతుడివి” అన్నాను.

అతను ముద్దను మళ్ళీ గుడ్డలో కట్టుకుంటూ, “అదృష్టమే సార్. కానీ ఇంటికెళ్ళి మా ఆవిడకి ఎలా చెప్పమంటారు?” అన్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు మన పాఠ్యపుస్తకాల్లో లేదు. నేను రాస్తున్నది ఆ జవాబు గురించే.

పెద్దసారు టీ

నా మొదటి అధికారిని అందరం పెద్దసారు అనేవాళ్ళం. గోదావరి వైపు మనిషి. ఆయనలో లోపాలు లేకపోలేదు. ఎండ పడదు. కొండెక్కేది నేను, ఎక్కినట్టు రాసేది ఆయన. టీ తెప్పించేది ఆయన, డబ్బులిచ్చేది నేను. కానీ ఆయన దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. టీ తాగడం అయ్యేదాకా ఎవరి రాయికీ పేరు పెట్టకూడదు.

ఒక రోజు ఉక్కునగరం నుంచి షిఫ్టు దిగిన కార్మికుడొకాయన వచ్చాడు. అప్పికొండ ఒడ్డున ఉల్క దొరికిందన్నాడు. నల్లగా, బరువుగా, ఒళ్ళంతా చిన్న చిన్న గుంటలతో ఉంది. ఇనుము కరిగించినప్పుడు పైన తేలే మురికిని చిట్టెం అంటారు. అది అచ్చంగా చిట్టెమే. చెప్పేద్దామని నోరు తెరిచాను. బల్ల కింద పెద్దసారు నా కాలు తొక్కాడు.

టీ వచ్చింది. పెద్దసారు అతని ఉద్యోగం గురించి అడిగాడు. ఫర్నేసు దగ్గరేనట. వేడి ఎలా ఉంటుంది, కళ్ళు పాడవ్వవా, రాత్రి డ్యూటీ తర్వాత నిద్ర పడుతుందా అని కబుర్లు పెట్టాడు. గ్లాసులు ఖాళీ అయ్యాక రాయి అంచు మీద సుత్తితో చిన్న దెబ్బ వేసి, విరిగిన ముక్కనూ లెన్సునూ అతని చేతికే ఇచ్చాడు. “లోపల బుడగలున్నాయి చూడు. మీ దగ్గర ఇలాంటి బుడగలు ఎప్పుడు కడతాయి?”

ఆ మనిషి చూశాడు, వెలుగులోకి తిప్పి మళ్ళీ చూశాడు. తర్వాత పగలబడి నవ్వాడు. “ఇది మాదే సార్. ఎర్రగా పారేటప్పుడే చూశాను గానీ, సముద్రం ఒళ్ళు తోమాక ఎప్పుడూ చూళ్ళేదు.” రాయిని భుజాన పెట్టుకుని సంతోషంగా వెళ్ళాడు. ఇంట్లో టీవీ పక్కన పెట్టాడని తర్వాత విన్నాను.

నేను చిట్టెం అని ఉంటే అతను ఓడి వెళ్ళేవాడు. తనే మాదే అన్నాడు కాబట్టి గెలిచి వెళ్ళాడు. రాయి ఒకటే, ఇంటికి వెళ్ళిన మనిషి వేరు. పెద్దసారు ఎగ్గొట్టిన టీ డబ్బులన్నీ ఆ రోజుతో మాఫీ చేశాను.

పని విషయంలో రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. సముద్రపు ఒడ్డున తడిరాయి ప్రతిదీ అందంగానే ఉంటుంది, ఆరాక చూడండి. పైతోలు చూసి పేరు పెట్టకండి, విరిగిన ముఖం చూడండి. విరగ్గొట్టే వీలు లేకపోతే అయస్కాంతం, బరువు, నాలుగు చుక్కల వెనిగర్ చాలు. వెనిగర్ బీచ్ రోడ్డు నూడుల్స్ బండి మీద కూడా దొరుకుతుంది. ఇక ఫోనులో ఫొటో చూసి మాత్రం ఎప్పుడూ చెప్పకండి. ఈ ఆఖరిది నాకు నేర్పింది చేపలమ్మే ఎల్లమ్మ.

ఖాళీ గంప

ఎల్లమ్మది జాలరిపేట. ఎన్నో ఏళ్ళుగా మా ఇంటికి చేపలు తెస్తుంది. ఆమెకూ నాకూ గుమ్మంలో రోజూ జరిగేది వ్యాపారం కాదు, కుస్తీ. మా ఆవిడ కాఫీ పట్టుకుని చూడటానికి కూర్చుంటుంది. ఇంతవరకు నేను గెలిచిన రోజులు ఆమెకూ గుర్తులేవు, నాకూ గుర్తులేవు.

నేను రిటైరయ్యాక ఒక ఉదయం ఎల్లమ్మ ఖాళీ గంపతో వచ్చి మెట్టు మీద కూలబడింది.

“ఏటి సూత్తన్నారు సాయిబుగారూ. సేపలు నేవు. వల ఎయ్యలేదు.”

“ఏం, సముద్రం బాగోలేదా?”

“సముద్రం బానే ఉంది. మావే బాగోనేదు. వలలో రాయి పడ్డాది. ఆ రోజు నుంచి రెండు తాళ్ళోళ్ళకీ మాటల్లేవు.”

తెలియనివాళ్ళకు చెప్పాలి. వాళ్ళది పెద్దవల. పడవ వలను సముద్రంలోకి తీసుకెళ్ళి అర్ధచంద్రంలా తిప్పి వేస్తుంది. దాని రెండు కొసల తాళ్ళూ ఒడ్డునే ఉంటాయి. కుడితాడు ఒక గుంపు, ఎడంతాడు ఒక గుంపు పట్టుకుని ఆడామగా అందరూ లాగుతారు. పడ్డదాంట్లో వలకు వాటా, పడవకు వాటా, తాడు పట్టిన ప్రతి చేతికీ వాటా. ఒక్క గుంపు లాగితే వల రాదు. వల, పడవ రెండూ నూకరాజువి. అతను ఎల్లమ్మకు బావ, అంటే ఆమె భర్తకు అన్న. ఎడంతాడు వాళ్ళకు ఎల్లమ్మ పెద్ద. వాళ్ళలో చాలామంది ఇంట్లో మగదిక్కు లేని ఆడవాళ్ళు, ఆ వాటాయే వాళ్ళ పూట. అప్పుడు చూస్తే కవళ్ళ చేపలు గుంపులుగా ఒడ్డు దగ్గర తిరిగే రోజులు. వల మాత్రం పాకలో ఎండుతోంది.

“రాయి కోసం గొడవేమిటి?” అన్నాను.

“మా బావ అది నాదంతన్నాడు. వలలో పడ్డది అందరిదీ అని నానంతన్నాను. రాయి పోతే పోనాది సాయిబుగారూ, నాకెందుకు రాయి? ఈయాల ఇది మా తాత రాయి అన్నాడు. రేపు మంచి సేప పడితే ఇది మా తాత సేప అంతాడు. అప్పుడు తాడు లాగినోళ్ళకి ఏటి మిగుల్తాది?”

ఫోను తీసి ఫొటో చూపించింది. నల్లగా, గుంటలు గుంటలుగా ఏదో ఉంది. “చిట్టెం అయ్యుంటుంది” అన్నాను, కాఫీ గ్లాసు అందుకుంటూ.

ఎల్లమ్మ లేచి గంప చంకన పెట్టుకుంది. “పోన్లో సూసి సేప కొంతారేటి మీరు? మొప్ప ఎత్తి సూత్తారు, పొట్ట నొక్కి సూత్తారు. ఇది మాత్రం కాపీ తాగుతా సెప్పీత్తారు. నడండి.”

కాఫీ సగంలో వదిలి నడిచాను.

పళ్ళూ చిల్లూ

వలపాకలో గోనెసంచి మీద ఉంది రాయి. చిన్న బిందెంత. పసుపు పూసి, బొట్లు పెట్టి, ముందు కర్పూరం వెలిగించిన మసి కూడా ఉంది. నూకరాజు దాని పక్కనే కూర్చున్నాడు. అరవై దాటిన పొడుగాటి మనిషి. కుడితాడు వాళ్ళు అతని వెనక నిలబడ్డారు. ఎల్లమ్మ వాళ్ళు పాక బయట ఎండలో నిలబడ్డారు.

“రండి సాయిబుగారూ. మీరే సూడండి” అని నూకరాజు రాయిని మెల్లగా తిప్పాడు. నడిమధ్య ఈ కొస నుంచి ఆ కొసకు గుండ్రటి చిల్లు. పిడికిలి పడుతుంది. “దేవుడు ఇంత సక్కగా సిల్లు తొలుత్తాడేటి? ఇది లంగరు రాయి. మా తాత తొలిసింది. తుపానులో ఎల్లిపోనాడు. పడవ రాలేదు, సెక్క రాలేదు, ఏటీ రాలేదు. మా నాన్న సచ్చిపోయీదాకా ఒడ్డున ఎతికీవోడు. ఇన్నాళ్ళకి ఇది వొచ్చింది.”

“లంగరుకి పళ్ళేటి బావా?” ఎల్లమ్మ బయట నుంచే అంది. “ఆ పక్కకి తిప్పు. పళ్ళు సూపించు.”

నూకరాజు తిప్పలేదు. నేనే అటు వెళ్ళి చూశాను. చిల్లు చుట్టూ అంచులు అంచులుగా, ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు వరసలున్నాయి. చూస్తే ఏదో పెద్ద జంతువు దవడలాగే ఉంది.

“పానం ఉన్నది వలలో పడితే వాటా ఎయ్యాల. అది నీ వలకి మీ నాన్న పెట్టిన కట్టుబాటే” అంది ఎల్లమ్మ. “ఇది ఏటో ఒక జంతువు దవడ. ఎముకైతే ఏటి, ఒకప్పుడు పానం ఉన్నదే కదా.”

అంటే నేను చెప్పే మాట మీద వాళ్ళ వల ఆగి ఉంది. మనిషి తొలిచిన చిల్లయితే రాయి నూకరాజుది. ప్రాణమున్నదైతే అందరిదీ. నా ఉద్యోగమంతా కలిపి ఇంత సూటి ప్రశ్న ఏ ఆఫీసూ నన్ను అడగలేదు.

అయస్కాంతం పెట్టాను. పట్టలేదు. ఎత్తి చూశాను. ఇనుపరాయి బరువు లేదు. చిట్టెం అన్న నా మాట అక్కడికక్కడే చచ్చిపోయింది. ఎల్లమ్మ దాన్ని గుర్తుచేయలేదు, అదే ఆమె దయ.

“కడిగి చూడాలి” అన్నాను.

“పసుపు కడిగీత్తారేటి?” నూకరాజు చెయ్యి అడ్డం పెట్టాడు.

బేరం మొదలైంది. మొత్తం కడుగుతానన్నాను, వీల్లేదన్నాడు. సగం అన్నాను. చివరికి పళ్ళున్న వైపు మాత్రం, అదీ సముద్రపు నీళ్ళతో, అతని చేత్తోనే పోసేటట్టు ఒప్పందం కుదిరింది. అతను నీళ్ళు పోస్తుంటే నేను పాత బ్రష్షుతో రుద్దాను. నల్లటి నాచు పెచ్చు ఊడింది. దాంతోపాటు రెండు ‘పళ్ళు’ వాటంతట అవే ఊడి నా అరచేతిలో పడ్డాయి. నేను పీకలేదు. ఈ మాట ఇప్పటికీ గట్టిగానే చెబుతాను.

అవి పళ్ళు కావు. ఆల్చిప్పలు. వెనిగర్ చుక్క వేస్తే బుసబుసా పొంగింది.

అప్పుడు తెలిసింది నేను చేతిలో పట్టుకున్నది ఏమిటో. మొహం దానంతట అది పాతపట్నం కొట్లోకి వెళ్ళిపోయింది. ముక్కు చిట్లించాను. “మామూలు సున్నపురాయి. బజార్లో దీనికేమీ రాదు” అన్నాను.

అది నిజమే. కానీ సగం నిజం.

ఎల్లమ్మ పాకలోకి వచ్చింది. “ముక్కు ఎందుకు సిట్లించారు?”

“నీసు వాసన.”

“ఇన్నేళ్ళు నా గంప ముందు కూకుని ఏరుతన్నారు. నీసుకి ఎప్పుడైనా సిట్లించారేటి? వంజరం తెచ్చిన రోజే సిట్లిత్తారు మీరు.” అందరి వైపూ తిరిగింది. “ఈయనకి ఈ రాయి కావాల. జేబులో ఏటి సాయిబుగారూ?”

రెండు చిప్పలూ తీసి గోనెసంచి మీద పెట్టాను. అవి జేబులోకి ఎప్పుడు వెళ్ళాయో నిజంగా నాకు తెలియదు.

“మీ వాటా ముందే తీసీసుకున్నారన్నమాట” అంది. వెనక కుడితాడు వాళ్ళు కూడా నవ్వారు. ఎడంతాడు వాళ్ళతో కలిసి నవ్వకూడదని గుర్తొచ్చి ఆగిపోయారు.

చిల్లు ఎవరిది

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. కింద కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను.

“ఇది దవడ కాదు, లంగరూ కాదు. మడచెట్టు తెలుసు కదా? పోర్టు తవ్వకముందు గెడ్డ సముద్రంలో కలిసే చోట బురదలో పెరిగేవి. వాటి వేళ్ళకు ఆల్చిప్పలు గుత్తులుగా పట్టుకుంటాయి. అలాంటి ఒక వేరు చుట్టూ పట్టిన చిప్పలివి. బురద, ఇసక, సున్నం పట్టి గట్టిపడ్డాయి. లోపలి వేరు కుళ్ళిపోయింది. మిగిలిన ఖాళీయే ఈ చిల్లు.”

“వేరు సిల్లు సేసిందేటి?” నూకరాజు గొంతులో కోపం లేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

“మడచెట్టు ఒడ్డునే కదా పెరిగేది. ఇది మీకు సముద్రంలో దొరికిందంటే, వేల ఏళ్ళ కిందట ఒడ్డు అక్కడ ఉండేదన్నమాట. నీళ్ళు తర్వాత పైకి వచ్చాయి. అందుకే ముక్కు చిట్లించాను.”

నూకరాజు రాయి మీదే చెయ్యి వేసి ఉన్నాడు. నా మాట మీద అతను తాతను వదులుకోడు, వదులుకోకూడదు కూడా. అందుకని అడిగాను.

“నూకరాజూ, లంగరు రాయికి తాడు ఎక్కడ ఒరుసుకుంటుంది?”

“పైనంచున. లాగీది ఎప్పుడూ అటే కదా. అక్కడ నున్నగా గాడి పడిపోద్ది.”

“చెయ్యి పెట్టి చూడు.”

చిల్లులోకి చెయ్యి దూర్చి కళ్ళు మూసుకున్నాడు. వేళ్ళు లోపల చుట్టూ తిరగడం మణికట్టు మీద తెలుస్తోంది.

“గాడి నేదు” అన్నాడు చివరికి. “సుట్టూ ఒకలాగే ఉంది.”

“ఇంకేం తగులుతోంది?”

“ముడతలు. నిలువుగా. మాను బెరడునాగ.” చెయ్యి మెల్లగా బయటికి తీశాడు. “మా తాత తొలిసింది కాదు.”

తనంతట తనే చెప్పాడు. పెద్దసారు నేర్పిన పద్ధతి ప్రకారం ఇప్పుడు అతను గెలిచి లేవాలి. లేవలేదు. ఏ పద్ధతైనా అన్ని చోట్లా పనిచెయ్యదని మీకు ముందే తెలిస్తే మంచిది. ఫర్నేసు మనిషి రాయి తెచ్చాడు. ఈయన తాతను తెచ్చాడు.

“వాటా అందరిదీ” అన్నాడు నూకరాజు నేల చూస్తూ. “సిప్పలూ పానం ఉన్నవే. ఒప్పుకున్నాను.”

గెలిచిన ఎల్లమ్మ మొహంలో గెలుపేమీ కనిపించలేదు. బావకు ఎదురుగా వచ్చి కూర్చుంది.

“ఒప్పుకున్నావు, అది సాలు. ఇది నరికి పంచీది కాదు బావా. పోయినోళ్ళ వాటాలో ఏసీయి.”

ఆ వల వాళ్ళకో ఆచారం ఉంది. వల ఒడ్డుకు రాగానే, పంపకానికి ముందు, దోసెడు చేపలు తిరిగి సముద్రంలో వేస్తారు. వెళ్ళి రానివాళ్ళకు అది. ఆ వాటాను ఎవరూ తినరు, ఎవరూ అమ్మరు. నూకరాజు తాత వాటా అందులోనే ఉంది. ఎల్లమ్మ భర్త కూడా సముద్రంలోనే పోయాడు. ఆమె ఆ మాట ఎత్తలేదు. ఎత్తనక్కర్లేదు కూడా, పోయింది నూకరాజు తమ్ముడే.

నూకరాజు తల ఎత్తి ఆమె వైపు చూశాడు. “సరే” అన్నాడు. కుడితాడు వాళ్ళలో ఒకతను వెళ్ళి ఎడంతాడు వాళ్ళను ఎండలోంచి లోపలికి రమ్మన్నాడు.

అడగని ప్రశ్న

అందరికీ బాగుంది. నాకు తప్ప. పోయినవాళ్ళ వాటా అంటే సముద్రంలోకి అన్నమాట. ఈ తీరం పుట్టుక చెప్పే రాయి నా కళ్ళ ముందే తిరిగి నీళ్ళలోకి పోతోంది.

“యూనివర్సిటీలో గాజు పెట్టెలో పెడతారు” అన్నాను. “మీ వల గురించి కింద రాస్తారు.”

“గాజు పెట్టెలో ఉన్నదాన్ని పోయినోళ్ళెలా తీసుకుంతారు?” అంది ఎల్లమ్మ.

“పోనీ ఏడాది ఉంచుకుని ఇచ్చేస్తాను.” కుదరదన్నారు. సీజను అయ్యేదాకా అన్నాను. వారం అన్నాను. చివరికి రంపంతో ఒక బిళ్ళ కోసుకుంటానన్నాను. నేను దిగిరావడం చూసి ఎల్లమ్మ జాలిపడింది. నా గుమ్మంలో ఆమె నుంచి జాలి ఎప్పుడూ రాలేదు. “ఊడిన సిప్పలు రెండూ మీవి. తాడు లాగకపోయినా ఇత్తన్నాం” అంది.

తీసుకున్నాను. వయసు లెక్క కట్టడానికి ఆ రెండూ చాలు. కానీ బేరగాడి మనసు చాలని ఎప్పుడంటుంది.

అప్పుడు నూకరాజు అన్నాడు. “సాయిబుగారూ, ఇందాకట్నుంచి రాయి రాయి అంతన్నారు. ఇది ఎక్కడ పడ్డాదో అడగరేటి?”

మన చదువులో మొదటి సంవత్సరం నేర్పే మొదటి మాట అది. ఏ నమూనాకైనా పేరు తర్వాత, దొరికిన చోటు ముందు. చోటు తెలియని రాయి గాజు పెట్టెలో ఉన్నా మాట్లాడదు. చోటు తెలిస్తే ఇంకో వంద దొరుకుతాయి. ఇంతకాలం పిల్లలకు పాఠం చెప్పిన మనిషిని, సరుకు చూసేసరికి చోటు మరిచిపోయాను.

“ఎక్కడ?” అన్నాను.

“ఆ రోజు నీరు లాగీసింది. వల ఎప్పుడూ పడని చోట పడ్డాది. అడుగున ఏటో తగులుకున్నాది. సూపిత్తాను, రేపు రండి. పడవ ఎక్కగలరా?”

“ఎక్కగలను” అన్నాను. దిగగలనా అని అతను అడగలేదు.

మర్నాడు తెల్లారాక వలనూ రాయినీ నన్నూ పడవలో వేసుకున్నారు. ఒడ్డున రెండు తాళ్ళ దగ్గరా జనం ఉన్నారు. ఎల్లమ్మ చీర బిగించి ఎడంతాడు ముందు నిలబడింది. అలలు దాటేసరికి నా పొట్టలో ఉన్నదంతా సముద్రానికి వాటా ఇచ్చాను. తెడ్డు పట్టిన కుర్రాళ్ళు మొహం తిప్పుకుని నవ్వుకున్నారు.

నూకరాజు ఒకసారి డాల్ఫిన్ నోస్ వైపు, ఒకసారి పాతపట్నం వైపు చూస్తూ పడవ నడిపించాడు. లైట్‌హౌస్ కొండ బుగ్గకు ఆనాలి, దర్గా కొండ రెండు పెద్ద మేడల సందులోకి రావాలి. ఆ రెండు గుర్తులూ కుదిరాక పడవ ఆపించాడు. నేను ఫోనులో చోటు గుర్తు పెట్టుకున్నాను, ఒకటికి రెండుసార్లు. యూనివర్సిటీ పిల్లలు ఇప్పుడు నీళ్ళలోకి దిగడానికి సిద్ధమవుతున్నది అక్కడే. చిప్పల వయసు ఇంకా తేలలేదు. తేలినా తేలకపోయినా, అడుగున పాత ఒడ్డు ఒకటి ఉందని మాత్రం నా నమ్మకం. రాయిని సముద్రానికి వదిలేశానని ఆ పిల్లలు నన్ను తిట్టుకుంటారని తెలుసు. తిట్టుకోనివ్వండి. వాళ్ళకు చోటు ఇచ్చింది ఆ రాయిని వదిలేసినవాళ్ళే.

నూకరాజు రాయిని రెండు చేతులా ఎత్తి పడవ అంచు మీద ఆనించాడు. ఒక చెయ్యి ఆ చిల్లులోనే ఉంది. మెల్లగా నీళ్ళలోకి దించి వదిలాడు. కాసేపు వంగి చూస్తూ ఉండిపోయాడు. ఇలాంటప్పుడు ఏం చెప్పాలో తెలియకపోతే ఊరుకోవడం కూడా మన పనిలో భాగమే.

అతనే తల ఎత్తాడు. “సాయిబుగారూ, ఇది మా తాతది కాదన్నారు కదా.”

“కాదు నూకరాజూ.”

“అయితే ఆయన లంగరు ఇంకా కిందే ఉన్నట్టు కదా.”

“ఉన్నట్టే” అన్నాను.

“ఉంతాది. రాయి కదా, ఎక్కడికి పోద్ది” అన్నాడు. చొక్కాకు చేతులు తుడుచుకుని, పడవ పక్కకు తిప్పి వల దింపమని కుర్రాళ్ళకు చెప్పాడు.